మనవాడా? మేటివాడా?
(సర్ కట్టమంచి రామలింగారెడ్డి జీవితం)

తృతీయ సంవత్సరం బి.యస్సీ. విద్యార్థి

పుంగనూరు నుంచి మదనపల్లెకు బస్సులో పోయేవాళ్ళకు ఒక అనుభవం తప్పదు. పక్క సీట్లో కూర్చున్న పెద్దాయన ముందు ఏ ఊరని అడుగుతాడు. తర్వాత ఎవరి పిల్లోడివని అడుగుతాడు. ఆ తర్వాత గొంతు కాస్త తగ్గించి మీరేమోళ్ళని అడుగుతాడు. మూడింటికీ జవాబు దొరికేదాకా ఆయనకు నిమ్మళం ఉండదు. కుప్పం పక్కకు పోతే నాలుగో ప్రశ్న కూడా ఉంటుంది. ఇంట్లో మాట్లాడేది తెలుగా, అరవమా, కన్నడమా? నువ్వేం చదువుతున్నావు, ఎట్లా చదువుతున్నావు అనే ప్రశ్న మాత్రం చాలాసార్లు రానే రాదు.

పెద్దాయనను తప్పు పట్టడానికి ఈ మాట రాయడం లేదు. తప్పు నాలోనూ ఉంది. ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో మా హాస్టల్లో మెస్ సెక్రటరీని ఎన్నుకోవలసి వచ్చింది. నిలబడినవాళ్ళు ఇద్దరు. ఒకడు లెక్కల్లో దిట్ట. సరుకుల ధరలు వాడికి నోటికి వచ్చు. వాళ్ళ నాయనకు అంగడి ఉండేది. రెండోవాడు మావాడు. మావాడంటే మా పక్క ఊరివాడు, మాకు కావలసినవాడు. నేను మావాడికే ఓటు వేశాను. మావాడే గెలిచాడు. మూడో నెలకే సాంబారు నీళ్ళయింది, లెక్క తేలలేదు. ఓడిపోయిన అబ్బాయి మాతోపాటే ఆ నీళ్ళ సాంబారు పోసుకుని, ఒక్క మాటా అనకుండా తిని లేచిపోయేవాడు. ఆ మౌనం నాకు ఇప్పటికీ గుర్తుంది.

హాస్టల్ మెస్ సంగతే ఇట్లా ఉంటే విశ్వవిద్యాలయాలు, పరిశోధన సంస్థలు, మంత్రివర్గాలు వంటి పెద్ద కుర్చీల సంగతేమిటి? వాటిమీద ఎవరిని కూర్చోబెట్టాలి? మనవాడినా, మేటివాడినా? ఈ ప్రశ్నను తన జీవితమంతా ఏదో ఒక రూపంలో ఎదుర్కొన్న మహనీయుడొకరు మన సీమలోనే పుట్టారు. ఆయనే కట్టమంచి రామలింగారెడ్డి.

ఆయన 1880 డిసెంబరు 10న చిత్తూరు పక్కన కట్టమంచి అనే పల్లెలో జన్మించారు. తండ్రి సుబ్రహ్మణ్యరెడ్డిగారు న్యాయవాది. ఆ పల్లె ఇప్పుడు చిత్తూరు పట్టణంలో కలిసిపోయింది. ఇక్కడ ఒక విచిత్రం చెప్పాలి. రెడ్డిగారు పుట్టేనాటికి చిత్తూరు జిల్లా అనేదే లేదు. కట్టమంచి ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. 1911లో ఆ తాలూకాలను కలిపి చిత్తూరు జిల్లా చేశారు. ఆ తర్వాత కూడా జిల్లాల గీతలు మారుతూనే వచ్చాయి. మనవాడు, పరాయివాడు అని మనం గీసే గీత ఎంత గట్టిదో దీన్నిబట్టే తెలుసుకోవచ్చు. కాగితం మీద గీత జరిగితే నిన్నటి పరాయివాడు నేడు మనవాడవుతాడు.

చిత్తూరులో హైస్కూలు చదువు ముగించి ఆయన మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరారు. విద్యార్థిగా ఉండగానే 'ముసలమ్మ మరణము' అనే కావ్యం రాశారు. అనంతపురం దగ్గర బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగబోతుంటే ఊరిని కాపాడటానికి ప్రాణమిచ్చిన ఒక ఇంటి కోడలి కథ అది. రాజులనూ దేవతలనూ వదిలిపెట్టి ఒక పల్లె ఆడపడుచును కావ్యనాయికగా నిలబెట్టడం ఆ రోజుల్లో చిన్న సాహసం కాదు. గొప్పతనం పుట్టుకలో లేదు, చేసిన పనిలో ఉంది అని ఆయన నమ్మినట్లు ఆనాడే తెలుస్తోంది.

బి.ఏ. పరీక్షలో ప్రతిభ చూపి, ప్రభుత్వ విద్యార్థి వేతనం సంపాదించి, 1902లో ఇంగ్లండుకు వెళ్ళారు. కేంబ్రిడ్జిలో సెయింట్ జాన్స్ కళాశాలలో చదివారు. విద్యార్థి సంఘం సంచిక చదువుతున్న మిత్రులు ఈ తర్వాతి సంగతిని ప్రత్యేకంగా గమనించాలి. కేంబ్రిడ్జిలో యూనియన్ సొసైటీ అని పేరుమోసిన విద్యార్థుల చర్చాసభ ఉంది. ఇంగ్లండు రాజకీయ నాయకులు కాబోయేవాళ్ళు కూడా నోరు సవరించుకునే వేదిక అది. ఆ సభకు రామలింగారెడ్డిగారు ఉపాధ్యక్షుడుగా ఎన్నికయ్యారు. ఓటు వేసినవాళ్ళలో అధికభాగం ఇంగ్లీషు పిల్లలే. మన దేశాన్ని ఏలుతున్న జాతికి చెందిన కుర్రవాళ్ళు, మన దేశపు కుర్రవాడి వాగ్ధాటి విని అతణ్ణి ముందుకు నెట్టారు. పాలకులుగా వాళ్ళు ఇక్కడ చేసింది వేరు. చర్చాసభలో మాత్రం మాట నేర్పునే తూచారు.

తిరిగి వచ్చాక బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఆయనను తమ కళాశాలకు తీసుకున్నారు. అంతకుముందు అరవింద ఘోష్ పనిచేసిన కళాశాల అది. గుజరాతీ ప్రాంతంలో మరాఠా రాజు నడిపే కళాశాల. అందులో నిన్న బెంగాలీ, నేడు తెలుగువాడు. ఆ తర్వాత మైసూరు మహారాజా కళాశాలకు వచ్చి, ఆచార్యుడుగా పనిచేసి, 1916లో ప్రిన్సిపాల్ అయ్యారు. అదే సంవత్సరం మైసూరు విశ్వవిద్యాలయం వెలసింది. దాని రూపకల్పనలో రెడ్డిగారి కృషి ఉంది. ఆ విశ్వవిద్యాలయానికి ప్రాణం పోసిన దివాను మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు. మన సరిహద్దు అవతల చిక్కబళ్ళాపురం దగ్గర ముద్దేనహళ్ళిలో పుట్టిన ఆయన కుటుంబం కూడా తెలుగు మూలాలున్నదే.

ఈ ఇద్దరు మేధావులూ ఒకచోట కలిశారు, ఒకచోట విడిపోయారు. ఆనాడు మైసూరు ప్రభుత్వంలో పెద్ద ఉద్యోగాలన్నీ దాదాపు ఒకే వర్ణం చేతుల్లో ఉండేవి. మిగిలినవాళ్ళు మాకూ చోటు కావాలన్నారు. 1917లో ప్రజామిత్ర మండలి అనే సంఘం పుట్టింది. దాని వెనుక నిలబడి ఊపిరి పోసినవాళ్ళలో రెడ్డిగారు ఒకరు. 1918లో మహారాజు ఈ విషయం విచారించడానికి సర్ లెస్లీ మిల్లర్ అధ్యక్షతన ఒక కమిటీని నియమించారు. ఏడేళ్ళలోగా పై ఉద్యోగాల్లో సగానికి తగ్గకుండా, కింది ఉద్యోగాల్లో మూడింట రెండు వంతులకు తగ్గకుండా బ్రాహ్మణేతర వర్గాలకు దక్కాలని ఆ కమిటీ సిఫారసు చేసింది. విశ్వేశ్వరయ్యగారికి ఈ పద్ధతి నచ్చలేదు. ముందు చదువు విస్తరిస్తే ఉద్యోగాలు వాటంతట అవే అందరికీ అందుతాయనీ, నియామకంలో యోగ్యత తప్ప ఇంకొకటి చూడరాదనీ ఆయన అభిప్రాయం. 1918లోనే ఆయన దివాను పదవి వదులుకున్నారు.

ఇద్దరిలో ఎవరిది న్యాయం? విజ్ఞానశాస్త్రం చదివేవాణ్ణి కనుక యోగ్యత అనే మాట నాకు సహజంగానే ఇష్టం. థర్మామీటరు కులం చూసి డిగ్రీ చూపదు. కాని మా తాత వేలిముద్ర వేసే మనిషి. మా నాయన ఐదో తరగతితో ఆపి మడక పట్టినాడు. మా ఇంట్లో బడి దాటి పైకి వచ్చిన మొదటివాణ్ణి నేను. నాలుగు తరాలుగా పుస్తకాలున్న ఇంటి పిల్లవాడితో నన్ను ఒకే గీత మీద నిలబెట్టి పరుగెత్తమంటే ఆ పందెం న్యాయంగా కనిపిస్తుంది గాని న్యాయం కాదు. అందుచేత మైసూరులో రెడ్డిగారు ఎత్తిన గొంతు సరైనదనే నా మనసు చెబుతుంది. ఆయన గొంతెత్తి ఊరుకోలేదు. 1918 నుంచి 1921 దాకా మైసూరు విద్యాశాఖకు ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా ఉండి, బడి గడప తొక్కనివ్వని దళిత పిల్లలకు ప్రభుత్వ పాఠశాలల తలుపులు తెరిపించడానికి పాటుపడ్డారు. పెద్ద కుర్చీల లెక్కతో సరిపెట్టక చిన్న బెంచీల దగ్గర నుంచి మొదలుపెట్టారు.

ఉద్యోగం వదిలి ఆయన మద్రాసు రాజకీయాల్లోకి వచ్చారు. అక్కడ అధికారంలో ఉన్నది బ్రాహ్మణేతరుల పార్టీయైన జస్టిస్ పార్టీ. రెడ్డిగారు అందులోనే చేరారు. తన అభిప్రాయాలకు తగిన పార్టీ, తన వర్గపు పార్టీ, పదవులు పంచగల పార్టీ. మామూలు మనిషైతే అక్కడే హాయిగా స్థిరపడేవాడు. కాని ఆయనకు అక్కడ వేరే దృశ్యం కనపడింది. తలుపు తెరిచిన తర్వాత లోపలికి పోయినవాళ్ళు మళ్ళీ గడియ వేసుకుంటున్నారు. నాయకుడైన పానగల్లు రాజాగారు పార్టీని తన ఇష్టప్రకారం నడుపుతున్నారని అసంతృప్తి రేగింది. మంత్రివర్గంలో తెలుగువాళ్ళదే పెత్తనమని తమిళ సభ్యులు గొడవ పెట్టారు. 1923లో కె.వి. రెడ్డి నాయుడుగారిని తప్పించి టి.ఎన్. శివజ్ఞానం పిళ్ళైగారిని మంత్రిని చేశారు. బ్రాహ్మణుడా కాదా అన్న ప్రశ్న పోయి, తెలుగా తమిళమా అన్న ప్రశ్న వచ్చి కూర్చుంది. ప్రశ్న మారింది గాని రకం మారలేదు.

రెడ్డిగారు ఆ పార్టీని వదిలి 1923 నవంబరులో శాసనసభలో పానగల్లు మంత్రివర్గంపై అవిశ్వాస తీర్మానం పెట్టారు. ఒక తెలుగు నాయకుడి మంత్రివర్గాన్ని దించమని మరొక తెలుగువాడు లేచి నిలబడ్డాడు. తీర్మానం 44 ఓట్లకు 65 ఓట్లతో వీగిపోయింది. ఓడినా ఆయన ఒక సంగతి తేల్చి చెప్పినట్లయింది. మనవాళ్ళ ప్రభుత్వమైనంత మాత్రాన మంచి ప్రభుత్వం కాదు.

ఇక కథలో అన్నిటికంటే ముచ్చటైన ఘట్టం వస్తుంది. మద్రాసు విశ్వవిద్యాలయంలో తెలుగువారికి తగిన స్థానం లేదనే బాధ ఆంధ్రోద్యమం నాటినుంచీ ఉంది. ఎ.పి. పాత్రోగారు విద్యామంత్రిగా ఉండగా ఆంధ్ర విశ్వవిద్యాలయ చట్టం వచ్చి, 1926లో ఆ విశ్వవిద్యాలయం బెజవాడలో ప్రారంభమయింది. దానికి మొదటి ఉపాధ్యక్షుడు ఎవరు? రామలింగారెడ్డిగారే! మూడేళ్ళ క్రితం ఏ మంత్రివర్గాన్ని పడగొట్టాలని ఆయన ప్రయత్నించారో అదే మంత్రివర్గం గద్దెమీద ఉండగానే ఆయనకు ఆ స్థానం దక్కింది. ప్రత్యర్థి అని పక్కన పెట్టి ఉంటే ఎవరూ ఆశ్చర్యపోయేవారు కారు. ఆ పనికి అంతకంటే తగినవాడు లేడని ఒప్పుకోవడం వాళ్ళ గొప్పతనం, ఒప్పించడం ఈయన అర్హత.

విశ్వవిద్యాలయం పుట్టిందే గాని ఎక్కడ ఉండాలన్నదానిపై పెద్ద రభస జరిగింది. బెజవాడ అన్నారు, రాజమండ్రి అన్నారు, అనంతపురం అన్నారు, విశాఖపట్నం అన్నారు. చివరకు 1930లో వాల్తేరుకు చేరింది. సీమవాళ్ళకు మనసు విరిగింది. సర్కారు జిల్లాలవారి కింద ఉండటం కన్నా మద్రాసు కిందే నయమనే భావం బలపడింది. మదనపల్లె, అనంతపురం కళాశాలలు 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఏర్పడేదాకా మద్రాసు వైపే ఉన్నాయి. అంటే ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని నిర్మించిన చిత్తూరు బిడ్డ, తన సొంత జిల్లా లేని విశ్వవిద్యాలయాన్ని ఎన్నో ఏళ్ళు నడిపాడన్నమాట! సీమవాడని సర్కారువాళ్ళు ఆయనను కాదనలేదు. సర్కారులోని సంస్థ అని ఆయన దానిని పరాయిగా చూడలేదు.

1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. ప్రభుత్వం సాగించిన దమనకాండకు నిరసనగా ఆయన ఆ పదవికి రాజీనామా ఇచ్చారు. కుర్చీ కోసం మనిషి కాదు, మనిషి వల్ల కుర్చీకి విలువ అని చూపించారు. ఆయన తర్వాత 1931లో సర్వేపల్లి రాధాకృష్ణగారు వచ్చారు.

రాధాకృష్ణగారి పేరు వచ్చింది కనుక కలకత్తా సంగతి కొంచెం చెప్పుకోవాలి. కలకత్తా విశ్వవిద్యాలయాన్ని తీర్చిదిద్దిన అశుతోష్ ముఖర్జీగారు 1917లో సి.వి. రామన్ అనే తమిళుణ్ణి భౌతికశాస్త్ర పీఠంపై, 1921లో రాధాకృష్ణ అనే తెలుగువాణ్ణి తత్త్వశాస్త్ర పీఠంపై కూర్చోబెట్టారు. బెంగాలులో పండితులకు కరువై కాదు. తగినవాడు ఎక్కడున్నా వెతికి తెచ్చుకోవాలన్నది ఆయన పట్టుదల. రామన్‌గారికి 1930లో నోబెల్ బహుమతి తెచ్చిపెట్టిన పరిశోధన అక్కడే జరిగింది. కాని అశుతోష్ కాలం గడిచాక గాలి మారింది. తాను పరిశోధన చేసిన కలకత్తా సైన్సు అసోసియేషన్‌తో 1934లో రామన్‌గారికి సంబంధం తెగిపోయింది. ఆ తగవులో వ్యక్తుల పంతాలతో పాటు బెంగాలీ, దక్షిణాది అన్న కక్ష కూడా కలిసింది. అప్పటికే ఆయన బెంగుళూరు సైన్సు ఇన్‌స్టిట్యూట్‌కు డైరెక్టరుగా వెళ్ళారు. అక్కడా నియామకాల మీద, ఖర్చుల మీద తగాదాలు చెలరేగి 1937లో డైరెక్టరు పదవి వదులుకున్నారు. ఒకే మనిషిని ఒక తరం ఊరు చూడకుండా గౌరవించింది, ఇంకో తరం ఊరు చూసి దూరం చేసుకుంది. నష్టపోయింది రామన్‌గారు కాదు.

ఇక వాల్తేరుకు వద్దాం. 1936లో రాధాకృష్ణగారు వెళ్ళిపోగా రామలింగారెడ్డిగారు తిరిగి ఎన్నికై, 1949 దాకా ఆ స్థానంలో ఉన్నారు. కొత్త అధికారి రాగానే పాత అధికారి మనుషులను కదిలించడం మనం ప్రతిచోటా చూస్తూనే ఉంటాం. అక్కడ అట్లా జరగలేదు. రసాయనశాస్త్రంలో తమిళుడైన టి.ఆర్. శేషాద్రిగారు, భౌతికశాస్త్రంలో రామన్ శిష్యుడైన సూరి భగవంతంగారు రాధాకృష్ణగారి కాలంలో వచ్చినవాళ్ళే. రెడ్డిగారి కాలంలోనూ వాళ్ళు అక్కడే వేళ్ళూని పనిచేశారు. సైన్సు కళాశాలకు ఏటా లక్ష రూపాయలు ఇచ్చి నిలబెట్టిన విక్రమదేవవర్మగారు ఒరియా సీమలోని జయపురం మహారాజు. తెలుగువారి విశ్వవిద్యాలయానికి ఒరియా రాజు సొమ్ము, తమిళ ఆచార్యుడి పాఠం, చిత్తూరు మనిషి సారథ్యం! తెలుగువారి కోసం పుట్టిన సంస్థ కనుక తెలుగువారే ఉండాలని పట్టుపట్టి ఉంటే తెలుగు పిల్లలే నష్టపోయేవారు.

ఆ చెట్టు కాసిన కాయలు చూడండి. భగవంతంగారు 1957లో బెంగుళూరు సైన్సు ఇన్‌స్టిట్యూట్‌కు డైరెక్టరయ్యారు. రెడ్డిగారి హయాంలో వాల్తేరులో గణితం ఎం.ఏ. చదివిన సి.ఆర్. రావుగారు కలకత్తా వెళ్ళి 1941లో మహలనోబిస్‌గారి స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. బెంగాలీల సంస్థలో ఒక తెలుగు కుర్రవాడు. కాని మహలనోబిస్‌గారు అతని లెక్క చూశారు, భాష చూడలేదు. 1970లలో ఆ సంస్థకు రావుగారే డైరెక్టరయ్యారు. సంఖ్యాశాస్త్రం చదివే మిత్రులకు ఆయన పేరు సూత్రాల్లోనే కనిపిస్తుంది.

రెడ్డిగారిలో లోపాలు లేవని నేను అనడం లేదు. 1930లో ప్రభుత్వాన్ని కాదని కుర్చీ వదిలిన మనిషి 1942లో, క్విట్ ఇండియా రోజుల్లో, అదే ప్రభుత్వం ఇచ్చిన సర్ బిరుదును ధరించడం చాలామందికి మింగుడుపడలేదు. నాకూ మింగుడుపడదు. ఆ ఏడే విశాఖపట్నం మీద జపాను బాంబులు పడి విశ్వవిద్యాలయాన్ని గుంటూరుకు తరలించవలసి వచ్చింది. ఆ కష్టకాలంలో సంస్థ చెదిరిపోకుండా కాపాడింది కూడా ఆయనే. రెండూ నిజమే, రెండూ చెప్పాలి.

ఆయన పెళ్ళి చేసుకోలేదు. కుర్చీలో కూర్చోబెట్టడానికి కొడుకులు లేరు, అల్లుళ్ళు లేరు. 1949లో మైసూరు విశ్వవిద్యాలయానికి ప్రో-ఛాన్సలరుగా వెళ్ళారు. యువకుడుగా తాను పాఠం చెప్పిన కన్నడ నేల ముసలితనంలో ఆయనను మళ్ళీ పిలుచుకుంది. 1951 ఫిబ్రవరి 24న కన్నుమూశారు. ఆయన పేరు మీద పెద్ద కళాశాల ఎక్కడుందో తెలుసునా? ఏలూరులో. 1945లో, ఆయన బతికుండగానే వెలసింది. మనవాడని మనం గొప్పలు చెప్పుకుంటున్నాం గాని, ఆయనను తమవాడిగా చేసుకున్నవాళ్ళు మరొక సీమవాళ్ళు!

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. మనవాడా, మేటివాడా? రెడ్డిగారి జీవితం చదివాక నాకు తోచింది ఇది. తలుపు తెరవడం ఒక పని, కుర్చీలో కూర్చోబెట్టడం ఇంకొక పని. తలుపు తెరిచేటప్పుడు ఎవరు బయట నిలబడి ఉన్నారో, ఎందుకు నిలబడి ఉన్నారో తప్పక చూడాలి. మైసూరులో ఆయన చేసింది అది. కుర్చీ వేసేటప్పుడు మాత్రం ఆ పని ఎవరి వల్ల అవుతుందో అదే చూడాలి. వాల్తేరులో నిలబెట్టింది అది. మొదటిది చేయకుండా యోగ్యత అంటూ ఉపన్యాసం చెప్పేవాడు గడియ వేసుకున్నవాడు. మొదటిది చేసి రెండోది మరిచిపోయేవాడు మా మెస్ సెక్రటరీకి ఓటు వేసిన నావంటివాడు.

మన సీమకు ఈ పాఠం కొత్తది కాదు. 1915లో అనీబిసెంటమ్మ మదనపల్లెలో కళాశాల పెడితే దానికి ప్రిన్సిపాల్‌గా ఉన్న జేమ్స్ కజిన్స్ ఐర్లండు కవి. 1919లో ఆయన పిలుపు మీదే రవీంద్రులు మదనపల్లెకు వచ్చారు, జనగణమనకు ఇంగ్లీషు అనువాదం అక్కడే పుట్టింది. మూడు రాష్ట్రాలు ముడిపడే కుప్పంలో 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం పెట్టారు. తెలుగూ తమిళమూ కన్నడమూ మలయాళమూ ఒకే కప్పు కింద చదవాలన్నదే దాని ఉద్దేశం.

మా నాయన విత్తనం శెనక్కాయలు కొనేటప్పుడు ఎవరి చేన్లో పండినాయని అడగడు. నాలుగు కాయలు వొలిచి, గింజ నిండుగా ఉందా లేదా అని చూస్తాడు. ఎద్దును కొనేటప్పుడు పండ్లు చూస్తాడు, మడక కట్టి నాలుగు సాళ్ళు నడిపించి చూస్తాడు. చుట్టంగారి ఎద్దని కుంటిదాన్ని తోలుకొని రాడు, ఎందుకంటే ఆ ఏడు పంట పోతే తినేది మేమే. సంస్థలు కూడా చేనువంటివే. పంట పోతే పస్తుండేది మనమే.

వచ్చే ఎన్నికలో, తరగతి ప్రతినిధికో మెస్ సెక్రటరీకో, మిత్రులు ఓటు వేసేటప్పుడు ఒక్క నిమిషం ఆగి గింజ వొలిచి చూడమని నా మనవి. నేనైతే ఓడిపోయిన ఆ అబ్బాయి కనపడితే ఒక మాట చెప్పాలనుకుంటున్నాను. ఆ రోజు నా ఓటు తప్పుగా పడిందని.